ఉపవాసం కాపీ కొట్టే లెక్క కాదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవాల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

 

నెల కిందట సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు పదిహేను కిలోలు తగ్గావట. ఎలా తగ్గావో వచ్చి ఇరవై నిమిషాలు చెప్పు" అన్నారు. తగ్గిన సంగతి ఒక్కటే చెప్పమంటే రాననీ, మధ్యలో చేసిన తప్పు కూడా చెప్పనిస్తే వస్తాననీ అన్నాను. సరేనన్నారు. అందుకే ఈ మైకు ముందు నిలబడ్డాను.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాను. ముప్పై ఏళ్లకు పైగా కాలువలు, తూములు, రెగ్యులేటర్లు చూసుకుంటున్న ఇంజనీర్ని. మన బ్యాచుల్లో డాక్టర్లు ఇక్కడే ఐదారుగురున్నారు. నేనేమైనా తప్పు చెబితే లేచి ఆపండి.

మా బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది, బళ్లో నా పేరు "పుల్ల". ఇంజనీరింగ్‌లో చేరేనాటికి 52 కిలోలు. పెళ్లినాటికి 66. ఉద్యోగం, క్యాంపులు, గెస్ట్‌హౌస్ భోజనాలు మొదలయ్యాక ఏడాదికి ముప్పాతిక కిలోనో కిలోనో పెరుగుతూ వచ్చాను. ఏడాదికి ఒక కిలో ఎవరికీ కనపడదు. చొక్కా సైజు మారినప్పుడు దర్జీనో కంపెనీనో తిట్టుకుంటాం. 2021 జూన్‌లో, నా యాభై మూడో ఏట, తూకం 93.5 కిలోలు చూపించింది. నా ఎత్తు 170 సెంటీమీటర్లు. బి.ఎం.ఐ. 32 దాటింది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. నాది 108. మూడు నెలల షుగర్ సరాసరి చెప్పే హెచ్‌బీఏ1సీ 6.2. అది 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడ్డట్టే.

ఇవన్నీ కాగితం మీది అంకెలు. నన్ను కదిలించింది వేరే సంగతి. ఆ నెలలోనే ఒక రెగ్యులేటర్ మరమ్మతు పని కొలతలు సరిచూడటానికి వెళ్లాను. నిచ్చెనమెట్ల మీదుగా కిందికి దిగాలి. నా ఆయాసం చూసి మా కుర్ర ఏఈ, "సార్, మీరిక్కడే కూర్చోండి. నేను చూసొస్తాను" అన్నాడు. గౌరవంగానే అన్నాడు. నేను కుర్చీలో కూర్చుని, టీ తాగి, కిందికి దిగకుండానే ఎం.బుక్‌లో సంతకం పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారం తిరక్కుండా మళ్లీ వెళ్లి, ఆగి ఆగి దిగి, టేపు పట్టి చూశాను. కొలతలు సరిగానే ఉన్నాయి. కానీ నా సంతకం కింద ఉండాల్సిన నా కళ్లు ఆరోజు అక్కడ లేవు. ఆ సంగతి ఆ అబ్బాయికీ తెలుసు, నాకూ తెలుసు. బరువు తగ్గాలని అప్పుడు అనుకున్నాను.

మా అమ్మాయి ఈ ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ గురించి చెప్పింది. ఇందులో చాలా రకాలున్నాయి. వారంలో ఐదు రోజులు మామూలుగా తిని, రెండు రోజులు బాగా తగ్గించి తినడం ఒకటి. రోజు విడిచి రోజు ఉపవాసం ఇంకొకటి. రోజులో 16 గంటలు ఏమీ తినకుండా, మిగిలిన 8 గంటల్లోనే తినడం మూడోది. నేను ఈ మూడోది పట్టుకున్నాను. రాత్రి ఏడింటికి భోజనం ముగించి, మర్నాడు పదకొండింటికి మళ్లీ తినడం. మధ్యలో నీళ్లు, పంచదార వెయ్యని టీ.

మా అమ్మ విని నవ్వింది. "దీనికి ఇంగ్లీషు పేరెందుకురా, ఒక్కపొద్దు అంటే సరిపోదూ?" అంది. నిజమే. కార్తీక సోమవారాలు చుక్కను చూసేదాకా ఏమీ తినకుండా, ఆ పొయ్యి దగ్గరే మా అందరికీ వండి పెట్టిన మనిషి ఆమె. నేను ఒకపూట టిఫిన్ మానేసి ఇల్లంతా చాటింపు వేసుకున్నాను.

మొదటి పది రోజులు ఎలా గడిచాయో మా ఆవిణ్ణి అడగాలి. ఉదయం తొమ్మిదిన్నరకు తలనొప్పి. ఆఫీసులో పక్క టేబుల్ మీద ఇడ్లీ పొట్లం విప్పితే నా చూపు ఫైలు మీద నిలిచేది కాదు. ఎవరేమడిగినా విసుక్కునేవాణ్ణి. మలబద్ధకం, నోటి దుర్వాసన కూడా. పుస్తకాల్లో ఇవి చివరి పేజీల్లో రాస్తారు. పన్నెండో రోజు తర్వాత సర్దుకుంది. ఆకలి అల లాంటిదని అప్పుడే తెలిసింది. లేస్తుంది, ఒక పావుగంట, అరగంట ఉంటుంది, తగ్గుతుంది. అంతకుముందు ఆ పావుగంట ఆగి చూసిన పాపాన పోలేదు.

మొదటి వారంలోనే రెండు కిలోలకు పైగా తగ్గాను. పొంగిపోయి బంధువులందరికీ ఫోన్లు చేశాను. అది కొవ్వు కాదని తర్వాత తెలిసింది. మన కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం ఒక్కో గ్రాము తనతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు ఆ నిల్వ తగ్గుతుంది, నీళ్లూ పోతాయి. మళ్లీ మామూలుగా తింటే అంత వేగంగానూ తిరిగొస్తుంది. మొదటి వారం తూకం చూసి ఎవరూ సంబరపడవద్దు.

సెప్టెంబరు నాటికి 87కి వచ్చాను. తర్వాత ముల్లు కదల్లేదు. పది వారాలు అక్కడే. గడియారం మాత్రం తప్పలేదు, పదహారు గంటలూ నిష్ఠగా పాటిస్తున్నాను. ఏం జరుగుతోందో అర్థం కాక, చివరికి నా వృత్తిలో చేసే పనే చేశాను. మా జలాశయాల దగ్గర ప్రతి రోజూ నీటిమట్టం, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో రిజిస్టరులో రాస్తారు. నేనూ ఒక నోట్‌బుక్ పెట్టి, నోట్లో పడ్డ ప్రతిదీ రాశాను.

వారం తిరిగేసరికి దొంగ దొరికాడు. పదకొండు గంటల దగ్గర నేను తినడం ఇంటర్వెల్ గంట కొట్టగానే పరిగెత్తే పిల్లల్లా ఉంది. మూడు ఇడ్లీల బదులు ఆరు. పొద్దుటి నుంచి తినలేదు కదా అని పల్లీల చట్నీ రెండు గరిటెలు ఎక్కువ. సాయంత్రం ఏడు దాటితే మళ్లీ తినకూడదని, ఆరున్నరకే గుప్పెడు జీడిపప్పు, నాలుగు జంతికలు. టీలు రోజుకు నాలుగు, పంచదార లేనిది ఒకటే. మిగిలినవి 'తినే గంటల్లో' వస్తాయి కాబట్టి లెక్కలోకి రావనుకున్నాను.

రోజంతా 10,000 క్యూసెక్కుల చొప్పున వచ్చినా, ఎనిమిది గంటలపాటు 30,000 క్యూసెక్కుల చొప్పున వచ్చినా, జలాశయంలో చేరే నీళ్లు ఒకటే. గేటు ఎన్ని గంటలు మూసి ఉందని కాదు, మొత్తం ఎంత లోపలికి వచ్చిందన్నది చూడాలి. ముప్పై ఏళ్లుగా ఈ లెక్క వేసి జీతం తీసుకుంటున్న మనిషికి సొంత కడుపు దగ్గర అది తట్టలేదు.

ఒక చిన్న లెక్క చెబుతాను. కప్పుకు రెండు చెంచాల చొప్పున నాలుగు టీలు అంటే ఎనిమిది చెంచాల పంచదార, సుమారు 40 గ్రాములు, 160 కేలరీలు. ఏడాదికి 58,400. ఒక కిలో కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. లెక్క ప్రకారం ఏడాదికి ఏడున్నర కిలోలు. శరీరం ఇంత సూటిగా లెక్క కట్టదు, తనను తాను కొంత సర్దుకుంటుంది. అయినా టీలో పంచదారను చిన్న విషయం అనుకోవద్దని చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఆ తర్వాత పరిశోధనలు ఏమంటున్నాయో చదివాను. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ వైద్యులు 139 మంది ఊబకాయులను ఏడాదిపాటు పరిశీలించిన ఫలితాలు వచ్చాయి. అందరికీ కేలరీలు ఒకేలా తగ్గించారు. సగం మంది ఉదయం 8 నుంచి సాయంత్రం 4 లోపలే తినాలి, మిగతావారికి వేళల నియమం లేదు. వేళలు పాటించినవారు సగటున 8 కిలోలు తగ్గారు, పాటించనివారు 6.3. గణాంకాల ప్రకారం దాన్ని తేడాగా లెక్కించడానికి లేదని వాళ్లే తేల్చారు. అంతకు రెండేళ్ల ముందు అమెరికాలో 116 మందితో పన్నెండు వారాలు ఇంకో పరీక్ష జరిగింది. ఇంత తినండి అని చెప్పలేదు, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 లోపల తినండి అని మాత్రమే చెప్పారు. వాళ్లు సగటున కిలో కూడా తగ్గలేదు. మూడు పూటలా తిన్నవాళ్లకూ వాళ్లకూ పెద్ద తేడా లేదు. పైగా వారిలో కొందరిని లోతుగా పరీక్షిస్తే, తగ్గినదాంట్లో ఎక్కువ భాగం కొవ్వు కాదు, కండ.

వాట్సాప్‌లో మరో మాట తిరుగుతుంటుంది, ఉపవాసానికి నోబెల్ బహుమతి వచ్చిందని. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి గారికి వచ్చిన మాట నిజం. అది కణాలు తమలోని పాత భాగాలను తామే విడగొట్టి వాడుకునే పద్ధతిని కనుగొన్నందుకు. దాన్ని ఆయన ఈస్టు కణాల్లో చూశారు. మీరూ నేనూ టిఫిన్ మానేస్తే జబ్బులన్నీ పోతాయని ఆయన చెప్పలేదు.

మరి నాకు ఉపవాసం పనిచేసిందా, లేదా? పనిచేసింది. నా తిండిలో నాకు చేటు చేసిన భాగం రాత్రి తొమ్మిది నుంచి పదకొండు మధ్య ఉండేది. టీవీ ముందు మిక్చరు, పెరుగన్నం మీద ఇంకో విడత, ఫ్రిజ్ తలుపు. ఏడింటికి గేటు దించేస్తే అవన్నీ పోయాయి. పరీక్షలకు వచ్చిన వాళ్లలో ఎవరికి ఏ వేళ బలహీనత ఉందో నాకు తెలియదు. నాకు మాత్రం ఆ వేళ. అది పోవడమే నాకు కలిసొచ్చింది. ఈ సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. పదహారు గంటలనే అంకెలోనే మహిమ ఉందనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు, ప్రచారం మొదలుపెట్టాను. ఇక్కడే నా తప్పు.

2021 చివర్లో మా బ్యాచ్ గ్రూపులో రోజూ నా తూకం ఫోటో పెట్టేవాణ్ణి. "మందులెందుకు, కడుపు మాడ్చండి" అని రాశాను. ఆ మాట నాదే, ఇప్పటికీ ఆ గ్రూపులో ఉంది. మా బ్యాచ్‌లో ఆరేళ్ల పాటు నా పక్కనే కూర్చున్న మిత్రుడొకడున్నాడు. ఊళ్లో దుకాణం. ఎనిమిదేళ్లుగా షుగర్. తనూ మొదలుపెడతానన్నాడు. "శుభం, రేపే మొదలుపెట్టు" అన్నాను. ఏం మందులు వాడుతున్నావని అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

అతను ఉదయం టిఫిన్‌కు ముందు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటాడు. ఆ మాత్ర పని ఇన్సులిన్‌ను ఎక్కువగా విడుదల చేయించడం. కడుపులో తిండి ఉన్నా లేకపోయినా దాని పని అది చేస్తుంది. టిఫిన్ మానేశాడు, మాత్ర మానలేదు. నాలుగో రోజు పదింటికి దుకాణం షట్టర్ ఎత్తబోతూ పడిపోయాడు. ఒళ్లంతా చెమట, మాట తడబాటు. పక్క కొట్టు అతను ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాడు. అక్కడ చూస్తే షుగర్ 48. డెబ్బైకి తగ్గితేనే ప్రమాద సూచన. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. వాళ్లబ్బాయి నాకు ఫోన్ చేసి, "అంకుల్, మీరు చెప్పారని చేశాడట" అన్నాడు. ఆ కుర్రాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రమే వెళ్లాను. మంచం పక్కన నిలబడితే నోట మాట రాలేదు. వాడే అన్నాడు: "ఒరేయ్, బళ్లో లెక్కలన్నీ నీ దగ్గరే కాపీ కొట్టాను కదా. ఆ అలవాటు పోలేదు."

వాడికి అప్పుడు ఏం గుర్తొచ్చిందో నాకు తెలుసు. తొమ్మిదో తరగతి మూడు నెలల పరీక్షల్లో చక్రవడ్డీ లెక్క. మా లెక్కల మాస్టారు కాపీలు అరికట్టడానికి బెంచీలో పక్కపక్కన కూర్చున్నవాళ్లకు వేరే వేరే అంకెలు ఇచ్చేవారు. వీడు ప్రశ్న చూసుకోకుండా నా జవాబు దించేశాడు. మాస్టారు ఇద్దరినీ లేపి, వాడితో అన్నారు: "నీ అసలు వేరు, వాడి అసలు వేరు. వడ్డీ ఒకటే ఎలా వస్తుందిరా?" నా వైపు తిరిగి, "పక్కవాడి ప్రశ్నేమిటో చూడకుండా జవాబు చూపించినవాడివి, నీకూ సున్నా" అన్నారు. ఆ రోజు నాకెందుకు సున్నా వేశారో నలభై ఏళ్ల తర్వాత ఆస్పత్రి మంచం దగ్గర తెలిసింది.

ఆ మిత్రుడు ఈ హాల్లోనే ఉన్నాడు. పేరు చెప్పమన్నాడు, నేనే చెప్పను. డాక్టరు మందు మార్చి, వేళలు సరిచేశాక అతను ఇప్పుడు మూడు పూటలా కొలత ప్రకారం తింటున్నాడు. ఒక్క పూటా మానడు. అయినా ఆరు కిలోలు తగ్గాడు. అది అతని లెక్కకు సరైన జవాబు.

అందుకని, ఇక్కడున్నవాళ్లలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ముందు మీ ప్రశ్న మీరు చూసుకోండి. షుగర్ మాత్రలు, ముఖ్యంగా అలాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరు మోతాదు మార్చకుండా ఒక్క పూట కూడా మానవద్దు. బీపీ మందులు వాడేవాళ్లు కూడా అడగాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తక్కువ బరువున్నవాళ్లు, బాగా పెద్దవాళ్లు ఈ జోలికి పోవద్దు. ఎవరికైనా చెమట, వణుకు, తడబాటు కనిపిస్తే, స్పృహ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ షుగర్ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

మన టీచర్లకు ఒక విన్నపం. ఎదిగే పిల్లలకు ఇది పనికిరాదు. పదో తరగతి ఆడపిల్లలు సన్నబడాలని టిఫిన్ మానేసి వస్తున్నారని విన్నాను. ప్రార్థనలో ఎవరైనా కళ్లు తిరిగి కూర్చుంటే, పొద్దున ఏం తిన్నావమ్మా అని ఒక్కమాట అడగండి. మన రోజుల్లో అన్నం క్యారేజీ తేకుండా వచ్చి, మధ్యాహ్నం పంపు దగ్గర నీళ్లు తాగి వచ్చేవాళ్లు మన తరగతుల్లోనే ఉండేవారు. వాళ్లలో కొందరు ఇక్కడున్నారు. వాళ్లకు ఆకలి గురించి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. తినడానికి ఉన్నప్పుడు మానేస్తేనే ఉపవాసం.

ఇక నా ప్రస్తుత సంగతి. 80కి వచ్చాక ముఖం పీక్కుపోయింది, మెట్లెక్కితే తొడలు వణికేవి. కండ పోతోందని డాక్టరు చెప్పారు. అన్నం తగ్గించి గుడ్లు, పప్పు, పెరుగు పెంచాను. వారంలో మూడు రోజులు చిన్న బరువులు ఎత్తుతున్నాను, రోజూ నడుస్తున్నాను. పదహారు గంటల నిష్ఠ వదిలేశాను. రాత్రి ఏడున్నర లోపల భోజనం, ఉదయం ఎనిమిదిన్నరకు టిఫిన్. పెళ్లిళ్లు, పండగలు వస్తే గడియారం జేబులో పెట్టుకుంటాను. నిన్నటి తూకం 78.5. హెచ్‌బీఏ1సీ 5.6. నడుము 94, ఇంకా నాలుగు సెంటీమీటర్ల బాకీ ఉంది. బి.ఎం.ఐ. 27, అంటే మన దేశపు లెక్కలో నేనింకా ఊబకాయుణ్ణే. ఎవరూ చప్పట్లు కొట్టవద్దు.

పోయిన నెల అదే రెగ్యులేటర్ దగ్గరికి వెళ్లాను. ఏఈ ఇప్పుడు వేరే అబ్బాయి. ఇద్దరం కలిసి దిగాం, టేపు ఒక కొస నేను పట్టుకున్నాను. పైకి వచ్చాక సంతకం పెట్టాను.

మా లెక్కల మాస్టారు వేదిక మీదే ఉన్నారు. ఎనభై దాటినా నిన్న రాత్రి నన్ను గుర్తుపట్టి, "పుల్లా" అని పిలిచారు. మాస్టారూ, ఆనాటి సున్నా న్యాయమే. ఇప్పుడు పన్నెండూ ముప్పావు అయింది. వెనక గుత్తివంకాయ కూర వాసన వస్తోంది. నేను తింటాను, మీరూ తినండి. ఎవరి విస్తరికి ఎంత కావాలో వాళ్లే చెప్పి వడ్డించుకోండి. నా విస్తరి చూసి మాత్రం వడ్డించుకోవద్దు.